ఏమింటోళ్లు?

దేవరకొండ నుంచి నల్లగొండ వచ్చే బస్సులో పక్కన కూచున్న పెద్దమ్మ అడిగింది, "ఏమింటోళ్లు బిడ్డా?" అని. మా దిక్కు ఇది మామూలు ప్రశ్నే. నీ పేరేందని తర్వాత అడుగుతరు, అసలు అడక్కపోయినా అడక్కపోవచ్చు. ఇంటిపేరు చెప్తే చాలు, కులం తెలిసిపోతుంది, ఊరు తెలిసిపోతుంది, ఆ ఊర్లో తమకు ఎవరేమవుతారో లెక్క తేలిపోతుంది. నేను చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అది పుట్టినింటిదా, అత్తగారింటిదా?" అంది.

ఆ రోజు నా సంచిలో పదిహేడో శతాబ్దపు డచ్ గణితజ్ఞుల మీద ఒక పుస్తకం ఉంది. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో లెక్కలు చెప్పిన మనిషిని. రిటైరయ్యాక లెక్కలు చేసినవాళ్ల బతుకులు చదవడం అలవాటైంది. ఆ పుస్తకంలో నన్ను వారం రోజులుగా తిప్పలు పెడుతున్నదీ ఇంటిపేర్లే. పెద్దమ్మ అడిగిన ప్రశ్న ఆ రచయితకు తట్టి ఉంటే నా పని తేలికయ్యేది.

తిప్పలేమిటో చెప్తాను. లైడెన్ నగరంలో ఫ్రాన్స్ వాన్ స్కూటెన్ అనే గణితాచార్యుడు ఉండేవాడు. ఆయన కొడుకు పేరు కూడా ఫ్రాన్స్ వాన్ స్కూటెనే. కొడుకు 1615లో పుట్టి 1660లో పోయాడు. దెకార్త్ జ్యామితిని లాటిన్‌లోకి తెచ్చి, వివరణలు చేర్చి యూరప్ అంతటికీ అందించింది ఈ కొడుకే. హైగెన్స్‌కు పాఠం చెప్పిందీ ఈయనే. ఈయన తర్వాత ఆ ఉద్యోగం సవతి తమ్ముడు పేత్రుస్ వాన్ స్కూటెన్‌కు వచ్చింది. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒకటే కుర్చీ. మన కరణాలు పటేళ్ల లెక్కనే ఉంది కదా! అదే లైడెన్‌లో అదే కాలంలో యోరిస్ వాన్ స్కూటెన్ అనే చిత్రకారుడున్నాడు. నగర రక్షక దళాలవాళ్లను గుంపులు గుంపులుగా నిలబెట్టి పెద్దపెద్ద చిత్తరువులు వేశాడు. హార్లెమ్‌లో ఫ్లోరిస్ వాన్ స్కూటెన్ మరొకాయన, జున్నుముద్దలూ రొట్టెలూ పళ్లూ పరిచిన బల్లలు గీశాడు. చదివేవాళ్లకు ఏమనిపిస్తుంది? ఇదంతా ఒక పెద్ద కుటుంబం, లెక్కలూ రంగులూ ఆ రక్తంలోనే ఉన్నాయి అనిపిస్తుంది. పైగా చిన్న ఫ్రాన్స్ చేతికి గీత వచ్చు. దెకార్త్ 1637 పుస్తకానికి బొమ్మలు గీసిందీ ఆయనే, తర్వాత దెకార్త్ ముఖచిత్రం చేసిందీ ఆయనే. పరిప్రేక్ష్యం మీద, అంటే దూరంగా ఉన్నది చిన్నగా ఎట్లా కనబడాలో చెప్పే లెక్క మీద కూడా రాశాడు. ఇంక అనుమానమెందుకు, ఇది వంశపారంపర్యమే అని తీర్మానం చేసుకోవచ్చు.

కానీ వాన్ స్కూటెన్ అంటే స్కూటెన్ ఊరివాడని అర్థం. మన పావులూరి మల్లనకు పావులూరు ఎట్లాగో వాళ్లకు స్కూటెన్ అట్లాగ. ఊరు ఒకటైనంత మాత్రాన ఇల్లు ఒకటి కాదు.

లుడోల్ఫ్ వాన్ క్యోలెన్ సంగతి ఇంకా విచిత్రం. వృత్తం చుట్టుకొలతకూ వ్యాసానికీ ఉన్న నిష్పత్తిని 35 దశాంశ స్థానాల దాకా లెక్కగట్టినవాడు. బహుభుజుల భుజాలు పెంచుకుంటూ పోయే పాత పద్ధతిలోనే, చేత్తో, ఏళ్ల తరబడి చేశాడు. ఆ అంకెలు ఆయన సమాధి రాయి మీద చెక్కించారు. రాయి ఎక్కడో పోతే, 2000లో లైడెన్ పీటర్స్ చర్చిలో మళ్లీ పెట్టారు. క్యోలెన్ అంటే కొలోన్ నగరం. ఆయన పుట్టింది మాత్రం హిల్డెస్‌హైమ్‌లో. మరోవైపు కొర్నేలిస్ యాన్సెన్స్ వాన్ క్యోలెన్ అనే చిత్రకారుడున్నాడు. ఈయన 1593లో లండన్‌లో పుట్టాడు. కాందిశీకుల బిడ్డ, ముఖచిత్రాలు గీసి పేరు తెచ్చుకున్నాడు. 1643లో హాలండ్ వెళ్లిపోయాక సంతకంలో వాన్ క్యోలెన్ అని ఎక్కువగా తగిలించుకున్నాడు. ఇద్దరినీ కలిపేది తాతలెప్పుడో దాటొచ్చిన ఊరు పేరు ఒక్కటే. వలస వచ్చినవాళ్లకు పాత ఊరి పేరు ఇంటిపేరవడం మనకు కొత్తేం కాదు, పాలమూరు వలస కూలీలను బొంబాయిలో, పూనాలో ఊరి పేరుతోనే పిలిచినవాళ్లున్నారు.

ఇంతవరకూ నేను చెప్పినవాళ్లంతా మగవాళ్లే. చదివిన పుస్తకంలోనూ అంతే. అయితే లుడోల్ఫ్ వాన్ క్యోలెన్ అధ్యాయం చివర ఒక్క వాక్యం ఉంది. ఆయన 1610లో పోయాక, 1615లో అంకగణిత జ్యామితుల మూలాల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథాన్ని అచ్చు వేయించింది ఆయన భార్య. ఆమె పేరు అడ్రియానా సిమోన్స్. సిమోన్ కూతురని అర్థం. ఆ రోజుల్లో డచ్ ఆడవాళ్లు పెళ్లయినా తండ్రి పేరుతోనే చలామణీ అయ్యేవాళ్లు, మొగుడి ఇంటిపేరు తగిలించుకోవాలన్న నియమం లేదు. విని సంతోషించాను గానీ ఎంతోసేపు కాదు. వాన్ క్యోలెన్ల గురించి వెతికేవాళ్లకు అడ్రియానా దొరకదు. ఆమె వాన్ క్యోలెన్ కాదు మరి! చుట్టరికం లేని లండన్ చిత్రకారుడు సూచికలో లుడోల్ఫ్ పక్కన వచ్చి కూచుంటాడు, రాతప్రతిని ఐదేళ్లు కాపాడి అచ్చుకిచ్చినామె ఎక్కడో "ఎస్" కింద ఉంటుంది, అసలుంటే. ఇంటిపేరు చేసే పని ఇది. ఒకరికొకరు ఏమీ కానివాళ్లను కలుపుతుంది, ఒక కంచంలో తిన్నవాళ్లను విడదీస్తుంది. విడిపోయేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లే.

యూడిత్ లైస్టర్ కథ మన రచయిత్రులు చాలామందికి తెలిసే ఉంటుంది. 1609లో హార్లెమ్‌లో పుట్టింది. లైస్టర్ అన్నది వంశం పేరు కాదు, వాళ్ల నాయన నడిపిన బీరు బట్టి పేరు. మన దగ్గర కల్లు కాంపౌండు పేరు ఇంటిపేరైనట్టు! ఆ మాటకు దారి చూపే నక్షత్రమని అర్థం. ఆమె దాన్ని ఎంత బాగా వాడుకుందో చూడండి. తన పొడి అక్షరాలు కలిపి రాసి పక్కన ఒక చుక్క పెట్టేది, అదే సంతకం. 1633లో చిత్రకారుల సంఘంలో సభ్యురాలైంది. తన దగ్గరి శిష్యుడొకడు ఫ్రాన్స్ హాల్స్ దగ్గరికి వెళ్లిపోతే, అంత పెద్ద చిత్రకారుడి మీద సంఘంలో ఫిర్యాదు పెట్టింది. 1636లో యాన్ మీన్స మోలెనార్ అనే చిత్రకారుణ్ని పెళ్లాడింది. ఆ తర్వాత ఆమె బొమ్మలు బాగా తగ్గిపోయాయి. పిల్లలు, ఇల్లు, మొగుడి వ్యాపార లెక్కలు. ఆమె 1660లో పోయింది, మోలెనార్ 1668లో పోయాడు. అప్పుడు రాసిన ఆస్తి జాబితాలో కొన్ని బొమ్మల పక్కన ఆమె పేరు లేదు, చనిపోయినాయన భార్య గీసినవని మాత్రమే ఉంది. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా ఆమె బొమ్మలు ఫ్రాన్స్ హాల్స్ పేరు మీదా ఇంకొందరి పేరు మీదా అమ్ముడుపోయాయి. 1893లో హోఫ్స్‌టేడ ద గ్రోట్ అనే కళాచరిత్రకారుడు, లూవ్ర్ మ్యూజియంలో హాల్స్‌దిగా గొప్పలు పోతున్న బొమ్మ మీద పొడి అక్షరాలనూ ఆ చుక్కనూ గుర్తుపట్టాడు.

ఈ కథను మనం ఎక్కువగా "మరుగున పడ్డ ప్రతిభ" అనే వరసలో చెప్పుకుంటాం. నాకు ఆ వరస ఇప్పుడు సరిపోవడం లేదు. బొమ్మలు మరుగున పడలేదు, గోడల మీదే ఉన్నాయి, డబ్బు పెట్టి కొన్నారు, మెచ్చుకున్నారు. పోయింది పేరొక్కటే. పేరు పోయాక బొమ్మలో ఉన్న చూపు కూడా వేరేవాళ్లదైపోయింది. ఆమె గీసిన నవ్వు హాల్స్ నవ్వు అయింది. తిరిగి ఆమెది అయినప్పుడు, అదే బొమ్మ విలువ తగ్గిందని గొడవపడ్డవాళ్లున్నారు. విమర్శకులం మనం కూడా ఇదే తప్పు చేస్తుంటాం. రచన చదివి పేరు వెతకం, పేరు చూసి రచన చదువుతాం.

మన దగ్గరికి వద్దాం. మల్లు స్వరాజ్యం గారు 1931లో సూర్యాపేట తాలూకా కరివిరాల కొత్తగూడెంలో పుట్టారు, 2022లో కన్నుమూశారు. ఆమె అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి. తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర కొంచెం తెలిసినవాళ్లకు వీళ్లు అన్నాచెల్లెళ్లని తెలుసు. తెలియనివాళ్లకు? నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె, మంచి తెలివైందే, భీమిరెడ్డి గారి దళం గురించి ఒక వ్యాసంలోనూ స్వరాజ్యం గారి గురించి మరో వ్యాసంలోనూ చదివి, వీళ్లిద్దరూ ఎప్పుడైనా కలిశారా మేడం అని అడిగింది. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. వాన్ స్కూటెన్లందరినీ అన్నదమ్ములనుకున్న నేనూ, అన్నాచెల్లెళ్లను పరాయివాళ్లనుకున్న ఆమే పడింది ఒకే గుంటలో.

ఇంకో సంగతి. సాయుధ పోరాటం 1951లో ముగిసింది. ఆమెకు మల్లు వెంకటనరసింహారెడ్డి గారితో పెళ్లయింది 1954లో. అంటే తుపాకీ పట్టి అడవుల్లో తిరిగినప్పుడు ఆమె మల్లు స్వరాజ్యం కాదు. దళంలో రాజక్క, పుట్టుకతో భీమిరెడ్డి. పాటలు పాడి కూలీలను కదిలించిన పిల్ల పేరు వేరు, మనం పుస్తకాల్లో రాసే పేరు వేరు. "నా మాటే తుపాకి తూటా" అని 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ అట్ట మీద కూడా మల్లు స్వరాజ్యమే. అది ఆమె ఎంచుకున్న పేరు, శాసనసభలో నిలబడ్డ పేరు, దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. నేను తప్పు పట్టేది చరిత్ర రాసేవాళ్లను. 1947 గురించి రాస్తూ 1954 తర్వాతి పేరు వాడినప్పుడు ఒక్క మాటైనా చెప్పాలి కదా. ఆరుట్ల కమలాదేవి గారి విషయంలో ఇంకో మెట్టు ముందుకు పోవాలి. ఆమెకు పెళ్లితో మారింది ఇంటిపేరొక్కటే కాదు. ఆలేరు దిక్కు మంతపురిలో పుట్టిన పిల్ల పేరు రుక్మిణి. రుక్మిణి ఎక్కడికి పోయింది?

భండారు అచ్చమాంబనూ కొమర్రాజు లక్ష్మణరావునూ కూడా ఇక్కడే తలుచుకోవాలి. ఆమె 1874లో, ఆయన 1877లో పుట్టారు. అక్కాతమ్ముళ్లు. నల్లగొండ జిల్లాతో ఈ ఇంటికి గట్టి సంబంధం ఉంది. లక్ష్మణరావు చిన్నప్పటి చదువు భువనగిరిలో సాగింది, పెద్దయ్యాక మునగాల సంస్థానంలో దివానుగా ఉన్నారు. నాగపూర్‌లో ఆయన చదువు సాగింది అక్కగారింట్లో. తమ్ముడికి చదువు చెప్పించిన ఇల్లది, తమ్ముడి పుస్తకాలు పట్టుకుని అక్క తనంతట తాను చదువుకున్న ఇల్లు కూడా అదే. ఆమె "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది. 1902లో "ధనత్రయోదశి" కథ రాసింది. గురజాడ "దిద్దుబాటు" వచ్చింది 1910లో. అయినా తొలి కథ ఏదన్న చర్చలో ఆమె పేరు చాలాకాలం వినబడలేదు, స్త్రీవాదులు పట్టుబట్టాకే వినబడింది. దీనికి కారణం ఇంటిపేరే అని నేననను, అంత తేలిక కాదు. కానీ కొమర్రాజు వారి వైజ్ఞానిక కృషి గురించి రాసే వ్యాసాల్లో అచ్చమాంబ ఒక పాదసూచికగా మిగిలిపోవడానికి ఇంటిపేరు తన వంతు సాయం చేసింది. ఇద్దరూ మగవాళ్లయి ఉంటే "కొమర్రాజు సోదరులు" అని ఒక అధ్యాయమే ఉండేది, మనం బట్టీ పట్టేవాళ్లం.

ఇప్పుడు కొంచెం చిక్కయిన చోటికి వస్తున్నాను. 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం రెండు విశ్వవిద్యాలయాలకు పేర్లు నిర్ణయించింది. తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు, కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు. పాలమూరు బిడ్డ, గోలకొండ పత్రిక నడిపిన మనిషి ఒకరు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిని ఎదిరించి తన కౌలు పంటను గడప దాటనివ్వని పాలకుర్తి మనిషి ఇంకొకరు. ఆ పాలకుర్తి అప్పట్లో నల్లగొండ జిల్లా జనగాం తాలూకాలో ఉండేది. రెండు పేర్లూ చాలా సంతోషం. కానీ వరసగా చదివి చూడండి. ఆయనకు ఇంటిపేరుంది, సురవరం. ఆమెకు కూడా ఉంది, చిట్యాల. చిట్యాల ఐలమ్మ. ఎంతమందికి తెలుసు? ఆయన ముందు ఊరు, ఆమె ముందు కులం. ఆ దొర ముందు కూడా ఊరే, విసునూరు. ఊళ్లు ఏలినవాళ్లకు ఊరి పేరొస్తుంది, ఊరి బట్టలు ఉతికినామెకు ఉతికిన పని పేరొస్తుంది.

ఈ మాట ఒక సభలో అంటే వెనక వరసలోంచి ఒక చెల్లెలు లేచింది. రజక కులం నుంచి చదువుకుని టీచరైన మనిషి. "మేడం, మీరు చిట్యాల అని రాస్తే ఆమె ఎవరో రేపు ఎవరికీ తెలియదు. చాకలి అన్న మాట తీసేస్తే దొర మీద గెలిచింది ఎవరో కూడా తీసేసినట్టే. ఆ మాట మాకు తిట్టుగా వాడిండ్రు, ఇప్పుడు యూనివర్సిటీ గేటు మీద రాసిండ్రు. ఉండనీయుండ్రి" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. యూడిత్ మొగుడి ఇంటిపేరు మోలెనార్ అంటే పిండిమర వాడని అర్థం, ఆ పేరు వాళ్ల గౌరవానికేమీ అడ్డు రాలేదు. పనిపేరు ఇంటిపేరవడం ఒకటి, పనిపేరు పుట్టుక శిక్షవడం ఇంకొకటి. డచ్చి ఉదాహరణ ఇక్కడ నాకు పనికిరాదు. ఇంటిపేరు పోయిందని బాధపడే తీరిక పెద్ద కులాల స్త్రీవాదులదేమో అని ఆ చెల్లెలు అనలేదు గానీ నాకు వినబడింది. ఒక్కటి మాత్రం ఇప్పటికీ అంటాను. చాకలి అన్న మాట ఆమె వాళ్లే గర్వంగా పెట్టుకుంటే అది వాళ్లది. చిట్యాల అన్న సంగతే తెలియకుండా, తెలుసుకోవాలని కూడా అనిపించకుండా చాకలి అని రాసే పండితుడిది మాత్రం పాత అలవాటే.

ఇంటిపేరు లేకుండా పేరు నిలబెట్టిన ఒక యంత్రం మన దగ్గరే ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే నేతగాడు 1999లో ఆసు యంత్రం చేశాడు. చింతకింది, అంటే చింతచెట్టు కింది ఇల్లు! డచ్చివాళ్లలోనూ ఇట్లాంటి పేర్లు కొల్లలు. పోచంపల్లి రకం చీరకు రంగులద్దే ముందు నూలును అర్ధచంద్రాకారంలో గుచ్చిన మేకుల చుట్టూ తిప్పాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు ఆడాలి. ఈ పని ఆడవాళ్లదే. ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడిపోతుంటే చూడలేక ఆయన ఆ యంత్రం చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మి. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. లెక్కలూ రంగులూ ఒకే ఇంట్లో ఉన్న కుటుంబం కోసం నేను లైడెన్ దాకా పోయానే, ఏ దారం ఎక్కడ కట్టాలో లెక్క తప్పకుండా నెమలినీ ఏనుగునూ నేసే ఇళ్లు ఆలేరులో, పుట్టపాకలో, పోచంపల్లిలో ఉన్నాయి. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చీర మీద ఊరి పేరుంటుంది, సంఘం పేరుంటుంది, మగ్గం యజమాని ఇంటిపేరుంటుంది. ఆసు పోసిన చెయ్యి ఎవరిదో ఏ చీరా చెప్పదు. యంత్రం చెప్తుంది. అదైనా కొడుకు పుణ్యమా అని.

కొన్నేళ్ల కింద మేం నలుగురు స్నేహితురాళ్లం ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రచయిత్రుల జాబితా ఒకటి చేద్దామని కూచున్నాం. అప్పటికే ఉన్న ఒక జాబితాను దగ్గర పెట్టుకున్నాం. దాంట్లో ఒకామె రెండుసార్లు ఉంది. పెళ్లికి ముందు ఒక ఇంటిపేరుతో కవయిత్రి, పెళ్లి తర్వాత ఇంకో ఇంటిపేరుతో కథకురాలు. చదివితే ఇద్దరు సాదాసీదా రచయిత్రులనిపిస్తుంది. ఇద్దరినీ ఒక్కరిని చేసి చదివితే ఇరవై ఏళ్లు ఆగకుండా రాసిన ఒక గట్టి మనిషి కనబడింది. మధ్యలో ఏడేళ్ల ఖాళీ కూడా అప్పుడే కనబడింది, పెళ్లయిన ఏడాది నుంచి రెండో బిడ్డ బడికి పోయేదాకా. ఇంకొకామె కథలు రెండు అదే ఇంటిపేరున్న ఒక మగ రచయిత ఖాతాలో పడి ఉన్నాయి. పొడి అక్షరాలు కూడా కలిశాయి, అదీ దౌర్భాగ్యం. ఆయనకేమీ కాదు ఆమె. ఆ కథలు ఆమెవని ఆయనే చెప్పాడు, పాపం.

నేనే తక్కువ తినలేదు. నా మెమోలో నాయన ఇంటిపేరు, ఉద్యోగ పత్రాల్లో ఆయన ఇంటిపేరు. రిటైరయ్యేటప్పుడు ఈ ఇద్దరూ ఒక్కరేనని రుజువు చెయ్యమన్నారు. అఫిడవిట్ రాసిచ్చాను. ఆ ఆఫీసులో నా వెనక ఇంకా ఆరుగురు ఆడవాళ్లు అదే కాగితం పట్టుకుని నిలబడ్డారు. మగవాళ్లు వేరే వరసలో ఉన్నారు, వాళ్లది తొందరగా కదిలింది.

చివరికి మా జాబితాను ఇంటిపేర్ల వరసలో కాక అసలు పేర్ల వరసలో పెట్టాలని తీర్మానించుకున్నాం. అనుకున్నంత తేలిక కాలేదు. ముగ్గురు సరోజలొచ్చారు, లక్ష్ముల సంగతి చెప్పనక్కర్లేదు. అప్పుడు ప్రతి పేరు కింద రెండు ఇంటిపేర్లూ, పుట్టిన ఊరూ, ఏ ఏడు ఏ పేరుతో రాసిందీ చేర్చాలనుకున్నాం. కొందరు ఫోన్ చేసి పుట్టింటి పేరు వద్దన్నారు. ఒకామె రెండూ వద్దంది, కులం తెలుస్తుందని. ఒకామె తల్లి పేరు రాయమంది. అన్నీ వాళ్లు చెప్పినట్టే రాశాం. అందుకే జాబితా చూడ్డానికి గజిబిజిగా ఉంది, ఏ రెండు పద్దులూ ఒక తీరుగా లేవు. అచ్చుకిస్తే ప్రూఫులు చూసే అబ్బాయి అన్నింటినీ ఒక పద్ధతిలోకి తెచ్చి ఇంటిపేర్లు ముందుకు తోశాడు. మళ్లీ వెనక్కి తోయడానికి రెండు రోజులు పట్టింది.

బస్సు నల్లగొండ చేరేలోపల పెద్దమ్మకు నా రెండు ఇంటిపేర్లూ చెప్పాను. ఆమె మొదటిది పట్టుకుని, వాళ్లమ్మ తోబుట్టువును మా ఊరికే ఇచ్చారని తేల్చింది. ఏ ఏడు ఇచ్చిందీ, ఆమెకు ఎందరు బిడ్డలయిందీ, ఏ బిడ్డను ఏ ఊరికి ఇచ్చిందీ, నాలుగు ఊళ్ల మీదుగా ఒక్క మగపేరు లేకుండా చెప్పుకుంటూ వచ్చింది. నేను పుస్తకం అట్ట వెనక రాసుకున్నాను. ఆమె పేరు అడగడం మర్చిపోయాను.